చెరువు చుట్టిన రంపం ఇంజను

కొల్లేటి లంకల్లో చెట్లు కోసే రంపం మిషను ఎవరైనా కొంటారా? చిన్నరాజు కొన్నాడు. ఊరి చుట్టూ చేపల చెరువులు, గట్ల మీద నాలుగు కొబ్బరిచెట్లు. అవీ వేరేవాళ్లవి. కౌలు చెరువులో చేపలు పెంచుకునే ఈ పెద్దమనిషి, మోటారు చప్పుడు వినబడితే పెళ్లి భోజనం మధ్యలో లేచిపోయే రకం. తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల కొట్టు ముందు ఆ మిషను కనబడగానే కరిగిపోయాడు.

తెచ్చిన రోజు నుంచీ దానికి బలం పెంచడమే పని. సైలెన్సరుకు చిల్లులు పొడిచాడు. పొగ పోయే దారిని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేశాడు. సిలిండరు కింది గాస్కెట్టు పీకేసి బిగించాడు. ఆ హడావుడిలో ఆపే స్విచ్చు వైరు తెగిపోతే, ఆపడానికా ఇంత కష్టపడుతున్నది అని స్విచ్చునే పారేశాడు. మిషను మోగితే అవతలి గట్టు మీది కొంగలన్నీ లేచిపోయేవి. కోయడానికి మాత్రం ఒక్క కొమ్మ లేదు. భార్య గంగమ్మ దాన్ని సవతి అనేది.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. ఒక తెల్లవారుజామున కరెంటు పోయి, చక్రాలతో నీళ్లు చిలికి చేపలకు గాలి అందించే ఏరేటరు ఆగిపోయింది. శీలావతులు, బొచ్చెలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఇంకాసేపట్లో వెల్లకిలా తేలతాయి. ఏడాది కష్టమూ పిల్ల కాలేజీ చదువూ ఆ చెరువులోనే ఉన్నాయి. జనరేటరు కోసం ఎవరికి ఫోను చేసినా అక్కడా అదే అవస్థ. గంగమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది.

చిన్నరాజు రంపం గొలుసు ఊడదీసి, గట్టుకు కట్టి నీళ్ల మీద తేలుతున్న ఏరేటరు ఎక్కి, ఇంజనును దాని మీద కట్టాడు. చక్రాలకు బెల్టు తగిలించి, యాక్సిలరేటరును తీగతో బిగించి తాడు లాగాడు. బాగానే తిరుగుతోందనుకునేలోపు ఏరేటరు కట్టుతాళ్లు తెంపుకుని, ఆయన్ని మీద పెట్టుకుని చెరువులోకి ఉరికి, గుండ్రంగా చుట్లు కొట్టసాగింది.

గట్టు పక్కగా వచ్చినప్పుడు ఆపమని గంగమ్మ అరిచింది. స్విచ్చు లేదన్న జవాబు మరుసటి చుట్టులో వచ్చింది. ఆ పై చుట్టులో ఆమె తీగ విప్పమంది. ఇంకో చుట్టు తిరిగొచ్చి, కటింగ్ ప్లేయరు నీ కాళ్ల దగ్గరే ఉందే అన్నాడు. ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. పక్క చెరువుల వాళ్లు గొడుగులేసుకుని గట్టు మీద చేరారు. ఒక ముసలాయన, గుడి తెప్పోత్సవం చూసిన అలవాటు కొద్దీ దణ్ణం కూడా పెట్టాడు.

పెట్రోలు అయిపోయి చెరువు నడుమ ఇంజను ఆగింది. ఊరంతా చూసిందన్న సిగ్గుతో చిన్నరాజు తల ఎత్తలేదు. గంగమ్మ మేత పడవ వేసుకుని వస్తోంది. తిట్లకు సిద్ధపడ్డాడు. ఆమె మాత్రం ఆయన్ని కాక నీళ్లను చూస్తోంది. దగ్గర్లో ఒక్క చేప కూడా నోరు తెరవడం లేదు.

పడవలోంచి పెట్రోలు డబ్బా తీసి ఆయన చేతికిచ్చింది.

"ఏవండీ, తూర్పు మూల చేపలు ఇంకా నోళ్లు తెరుస్తున్నాయి. అటు కాసేపు తిప్పండి."

కటింగ్ ప్లేయరు కూడా ఇమ్మన్నాడు చిన్నరాజు. అది ఆమె కొంగున ముడేసి ఉంది.

"కరెంటొచ్చాక ఇస్తానండి," అంది గంగమ్మ.