పొద్దున పూట వేసుకున్న తలుపు

"తలుపేసుకో అమ్మా, నేను పోతున్న."

"పోతున్న అనొద్దు బిడ్డా. పోయొస్త అనాలె."

మా పైగదిలో కిరాయికి ఉన్న టాంజానియా పిల్లకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆమె మెట్ల కింద నిలబడి అంది, నేను తలుపు వెనక నుంచి అన్నాను. పెట్టె చక్రాల చప్పుడు సందు చివరిదాకా వినబడి ఆగిపోయింది.

ఇది రాస్తున్నది నా చెల్లెలి బిడ్డ. నాకు సంతకం పెట్టడం, బస్సు నంబరు గుర్తుపట్టడం వచ్చు, అంతకు మించి రాదు. ఈ పిల్ల పైచదువుకు ఐర్లాండు పోవాలి. వీసా వచ్చింది, టికెట్ వచ్చింది, గురువారం ప్రయాణం. పెట్టె మాత్రం ఇంకా సర్దలేదు. వారం నుంచి ఫోన్‌లో అక్కడి వీడియోలే చూస్తోంది. ఎవరో ఎవరినో బస్సులో తిట్టడం, మీ దేశానికి మీరు పొమ్మనడం. ఈ పొద్దున చర్లపల్లి నుంచి వచ్చి నా గడప మీద కూలబడింది.

"పోనంటే అమ్మ సంపుతది పెద్దమ్మా. పోతే అక్కడోళ్లు నన్నెట్ల సూస్తరో."

"వాళ్లెట్ల సూస్తరో నాకేమెరుక? నేనెట్ల సూసిన్నో చెప్త, రాసుకో."

మాది నాచారం, ఫ్యాక్టరీల వెనక సందు. మా ఆయన ఇక్కడే లేత్ మిషన్ మీద పని చేశాడు, ఇక్కడే పోయాడు. తొమ్మిదేళ్లయింది. కింద ఒక గది, పైన రేకుల గది. పైకి మెట్లు బయట నుంచే. చివరి మెట్టు దిగితే ఎదురుగా నా గుమ్మం. నేను చీరలకు ఫాల్ కుడతాను. లోపల వెలుతురు చాలదు కాబట్టి పొద్దున్నే గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంటాను.

ఆయన పోయిన ఏడు, పక్కింటామె బిడ్డ ఏదో ఉద్యోగం పరీక్షకు బయల్దేరింది. నేను చీపురు పట్టుకుని ఎదురొచ్చాను. ఆ పిల్ల నన్ను చూసి ఆగింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆనాటి నుంచి ఎవరైనా పని మీద పోతుంటే నేను లోపలికి జరుగుతాను. ముండమోపి ఎదురు రావద్దు. ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు, వచ్చేస్తుంది.

పైగది ఖాళీగా ఉన్న రోజుల్లో ఈ టాంజానియా పిల్ల వచ్చింది. తార్నాక దిక్కు ఏదో కాలేజీలో చదువు. కొంచెం హిందీ, కొంచెం తెలుగు, రెండూ కలిపి నెట్టుకొచ్చేది. ఉప్పల్ నుంచి చేపలు తెచ్చుకుని మా కంటే బాగా వండేది. సందులో పిల్లలు ఆమెను చూసి వెంటపడి అరిచేవాళ్లు. కిరాణా ఆయన అందరికీ చిల్లర చేతిలో పెట్టేవాడు, ఆమెకు మాత్రం డబ్బా మూత మీద పెట్టేవాడు. నేను చూశాను. ఒక్కనాడూ అతన్ని అడగలేదు.

సాయంత్రాలు నా తలుపు తీసే ఉండేది. కాలేజీ నుంచి వచ్చి చివరి మెట్టు మీద కూర్చుని, మర్నాటికి నా సూదుల్లో దారం ఎక్కించి పెట్టేది. నాకు చూపు సరిగా ఆనదు. పది సూదులు, పది రంగులు, ఒక పాత గుడ్డకు వరుసగా గుచ్చేది.

"నీ కండ్లు ఎక్కడ పోయినయ్ అమ్మా?"

"మా ఆయన పట్టుకపోయిండు."

"వాపస్ అడుగు మరి!"

ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

పొద్దున మాత్రం వేరు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే చీర పోగేసుకుని లోపలికి పోయి తలుపు వేసేదాన్ని. పరీక్షలకు పోయే పిల్ల, తల్లి దగ్గర లేని పిల్ల, నా మొఖం చూసి పోవడమెందుకు అని. మొదట్లో మూసిన తలుపుకే "నమస్తే అమ్మా" అనేది. నేను పలికేదాన్ని కాదు. పలికితే ఎదురైనట్టే కదా. రాను రాను నమస్తే మానేసింది. చదువు ఫికర్ అనుకున్నాను.

చదువు అయిపోయి వాళ్ల దేశం పోయే పొద్దున కూడా అంతే. సముద్రాలు దాటే ప్రయాణం, ఇంకా జాగ్రత్తగా వేసుకున్నాను. బయల్దేరే మనిషి 'పోతున్న' అనకూడదు కాబట్టి నోరాగక దిద్దాను. లేకుంటే ఆ మాట కూడా అనేదాన్ని కాదు. ముందు రోజు ఆమె గుచ్చిపెట్టిన సూదులు రెండు రోజులు వచ్చాయి.

పది రోజులకు ఆమె స్నేహితురాలు, ఆ దేశపు పిల్లే, పైన ఉండిపోయిన కుక్కర్ కోసం వచ్చింది. ఆమెకు హిందీ బాగా వచ్చు. మా పిల్ల క్షేమంగా చేరిందని చెప్పింది. తర్వాత నా గుమ్మాన్ని పైకీ కిందికీ చూసి, ఆ తలుపు ఇదేనా అని అడిగింది.

ఏ తలుపు అన్నాను.

అప్పుడు చెప్పింది. బస్సులో తిట్లు మరిచిపోతాను, పిల్లల అరుపులు మరిచిపోతాను అనేదట మా పిల్ల. సాయంత్రం నాతో సూదులు ఎక్కించుకునే మనిషి, పొద్దున నన్ను చూడగానే తలుపెందుకు వేస్తుందో మాత్రం తెలియలేదు అనేదట. రెండేళ్లు తన రంగు వల్లే ఏమో అనుకుందట.

నాకు హిందీ కూరగాయల బేరానికి సరిపడా వచ్చు. ముండమోపి ఎదురు రావద్దు అని చెప్పడానికి అందులో మాట దొరకలేదు. "మేరా ఆద్మీ మర్ గయా, ఇస్లియే దర్వాజా బంద్" అన్నాను, మా ఆయన పోయాడు, అందుకే తలుపు వేస్తాను అని. ఆ పిల్ల జాలిగా నా చెయ్యి పట్టుకుని "సారీ అమ్మా" అంది. మొన్ననే పోయాడనుకుంది. కుక్కర్ తీసుకుని వెళ్లిపోయింది. మా పిల్ల నంబరు అడగాలని ఆ పూట నాకు తోచలేదు.

ఇంతవరకు రాసి చెల్లెలి బిడ్డ తలెత్తింది. మొఖం కొంచెం తేటపడింది.

"నువ్వు ఆమె మంచికే ఏసినవ్ గదా పెద్దమ్మా. ఆమెకే తప్పు సమజైంది. గట్లైతే అక్కడోళ్లు గూడ..."

"ఆగు, ఇంకొకటున్నది. మొదటి వారం మంచికి ఎయ్యలే. భయపడి ఏసిన. గంత పొడుగు, గంత నలుపు మనిషిని దగ్గర సూడలే నేను. దొంగతనం జేస్తదేమోనని బీరువాకు తాళం గూడ ఏసిన."

పెన్ను ఆగింది. "ఇదెందుకు? ఇది తీసేద్దాం."

"రాయి. రెండో వారం నుంచి ఆమె కోసం ఏసిన. బయట నిలబడ్డోళ్లకు రెండూ ఒక్కటే తలుపు. ఎందుకేసిన్నో ఆమెకెట్ల ఎరుక?"

"నేనైతే తలుపు కొట్టి అడుగుత."

"అడుగు. కొన్ని తలుపులెనక ఎప్పటికీ ఆ మొదటి వారం భయమే ఉంటది. అది గూడ ఎరుకుండాలె."

పెన్ను మూత కొరుకుతూ, పోతాను గానీ ఒక షరతు అంది. గురువారం తను గడప దాటేటప్పుడు నేనే ఎదురు రావాలట, నిండు చెంబు నీళ్లతో.

"మీ అమ్మ ఊకుంటదా?"

"ఏమన్న అననీ. నువ్వు లోపలికి పోయినవనుకో, నేను బండి ఎక్క."

"బెదిరిస్తున్నవా పోరీ?"

"అవ్."

వస్తానన్నాను. తొమ్మిదేళ్లుగా వెనక్కి జరగడానికి అలవాటుపడ్డ కాళ్లు ఇవి. ఆ పూట ఏం చేస్తాయో చూడాలి.

"ఇగ సాలు బిడ్డా, చదువు. మొదట్నుంచి వద్దు, మొదటి వారం అన్న కాడి నుంచి చదువు. బీరువా తాళం సంగతి రాసినవో, తీసేసినవో నాకు తెల్వాలె. జర గట్టిగ చదువు."