రామలక్ష్మి ఎదురు నడక

నరసరావుపేటలో రామలక్ష్మి ఉండే కాలనీ నడుమ ఖాళీ స్థలంలో చానా ఏళ్ళు సర్కారు తుమ్మ, విరిగిన ఇటుకలు, పందులు ఉండేవి. వాటితో ఎవరికీ పేచీ లేదు. పేచీలన్నీ మనుషులతోనే.

రామలక్ష్మిది కారంపూడి దగ్గర పల్లె. పిల్లల చదువులకని పేట చేరిన కొత్తలో ఆమెను పలకరించింది ఎదురింటి ట్రాక్టర్ మెకానిక్ నూర్ మొహమ్మద్ భార్య జీనత్ ఒక్కతే. పచ్చళ్ళ కారం ఇద్దరూ కలిసే దంచేవాళ్ళు. జీనత్‌కు హుమేరా పుడితే, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది రామలక్ష్మే.

మొన్నటి ఎన్నికల్లో ఆమె భర్త చెన్నకేశవులు ఒక పార్టీకి, నూర్ మొహమ్మద్ ఇంకో పార్టీకి ఏజెంట్లుగా కూర్చుని మాటా మాటా అనుకున్నారు. ఇంటికొచ్చి, "ఏమే, ఆ ఇంటితో మాటలు బంద్," అన్నాడు చెన్నకేశవులు. ఎదురింట్లో నూర్ మొహమ్మదూ అదే అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

తర్వాత మున్సిపాలిటీ వాళ్ళు తుమ్మ కొట్టించి పార్కు తలపెట్టారు. దాన్ని డిజైన్ చేసిన భవిత అనే అమ్మాయి వేపలు, కానుగలు, చుట్టూ ఇద్దరు పక్కపక్కన నడిచేంత గుండ్రటి బాట, ఒక గేటు గీసింది. రెండు పార్టీల వాళ్ళూ ఎవరి గేటు వాళ్ళకు కావాలన్నారు. ఇచ్చింది. ఆపైన పోటీలు పడి, తమ పేర్లు చెక్కించిన సిమెంటు బెంచీలు తెచ్చి బాట మీదే దించారు. ఇద్దరి బాట ఒకరిదయింది. భవిత నెత్తి కొట్టుకుని వేరే కాలనీ పని చూసుకుంది.

పల్నాడులో అవతలి పార్టీ వాడి వెనక నడిస్తే వాడి మనిషి అయిపోయినట్టే. అందుకని ఒక పార్టీ కుడి నుంచి, ఇంకోటి ఎడమ నుంచి తిరగాలని పెద్దలు తేల్చారు. అట్లా తిరిగితే ప్రతి చుట్టులోనూ ఎదురుపడతారని ఒక్క పెద్దకూ తట్టలేదు.

రామలక్ష్మికి మొదటి సాయంత్రమే తట్టింది. ఎదురుగా జీనత్. ఇద్దరూ తలలు దించుకుని ఒత్తిగిల్లి పోయారు. మర్నాడు జీనత్ ఆగకుండానే, "మోకాలు ఎట్లుందక్కా?" అంది. ఒక చుట్టు తిరిగొచ్చి, "అట్లనే ఉంది," అని చెప్పింది రామలక్ష్మి. నిలబడితే గదా మాట్లాడినట్టు! హుమేరాకు సంబంధం కుదిరిన కబురు పూర్తిగా వినేసరికి రామలక్ష్మి చెప్పులు అరిగాయి.

"పెళ్ళికి వస్తావా అక్కా?" అని జీనత్ అడిగిన రోజున మాత్రం చుట్టు తిరిగొచ్చి కూడా రామలక్ష్మి తల దించుకుని దాటిపోయింది. జీనత్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దారి కనపడక, చెన్నకేశవులు కూర్చున్న బెంచీకే మోకాలు కొట్టుకుని తూలింది.

రామలక్ష్మి గిరుక్కున వెనక్కి తిరిగింది. వెనక నుంచి జీనత్ నడుం పట్టుకుని, "నేను నీళ్ళు పోసిన పిల్ల పెళ్ళికి నేను రానా?" అంది. కాలనీ అంతా చూస్తుండగా అట్లాగే ఆమె వెనక నడిచింది. ప్రాణానికి హాయిగా ఉంది.

"ఏందే ఇది? వాళ్ళ వెనక నడుస్తున్నావేంది?" అన్నాడు చెన్నకేశవులు.

"పక్కన నడుద్దామంటే మీ బెంచీ అడ్డం," అంది రామలక్ష్మి. "లెగండి. దాన్ని అవతల పెట్టించండి."