గొర్రెపిల్లల క్యారియర్

మొన్న వానలో వికారాబాద్ స్టేషన్ రోడ్డు మీద గొర్రెల మంద ఒకటి అడ్డం వచ్చింది. ఆఫీసు నుంచి ఇంటికి పోతూ ఆటోలో కూర్చున్నాను. డ్రైవరు విసుక్కుంటూ ఇంజను ఆపాడు. తడిసిన ఉన్ని వాసన గుప్పున లోపలికి వచ్చింది. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం తల బయటపెట్టి, మంద మొత్తం దాటేదాకా ఆ వాసన పీలుస్తూనే ఉన్నాను. అది తగిలితే నాకు బీరమ్మత్త గుర్తొస్తుంది. ఆమె పోయి ఏళ్ళవుతోంది. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, దాచుకోను.

బీరమ్మత్త పెద్దేముల్‌లో మా అమ్మవాళ్ళ పక్కింటామె. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరసకు అత్త. వాళ్ళది తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు. భర్త పోయాక ఆయన గొర్రెలూ, ఆయన సైకిలూ ఆమెకు మిగిలాయి. సైకిలు తొక్కడం ఆమెకు రాదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు. హ్యాండిలు పట్టుకుని నెట్టుకుంటూ మంద వెనక నడిచేది. ఎండాకాలం మొదలయ్యేసరికి నాలుగైదు ఇళ్ళ గొర్రెలను కలిపి కర్ణాటక అంచు దాకా తోలుకుపోతారు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద పెట్టించుకుని బదులుగా గింజలిస్తారు. దారిలో ఈనిన గొర్రె నడుస్తుంది గానీ అప్పుడే పుట్టిన పిల్ల నడవలేదు. దాన్ని మోయాలి. ఎవరి పిల్లల్ని వాళ్ళే మోసుకోవాలన్నది ఆ మందలో కట్టుబాటు. మోయలేనివాళ్ళు ఇంటి దగ్గరే ఆగిపోవాలి. ఆగిపోతే గొర్రెలకు మేత ఉండదు, అమ్ముకోవడం తప్ప దారి లేదు.

బీరమ్మత్తకు కుడి భుజం పట్టేసింది. మగవాళ్ళలా పిల్లల్ని గొంగడిలో వేసుకుని మోయలేదు. సైకిలు వెనక క్యారియరే ఆమెకు దిక్కు. అదేమో పాతకాలపు ఇనుప క్యారియర్, పైన ఏమీ పెట్టకపోయినా బరువే. గట్లు దాటేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు సైకిలు ఎత్తలేక ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చేది. పిలిచినప్పుడల్లా వాళ్ళ మొహాలు మారడం ఆమె చూస్తూనే ఉంది. ఆమె కొడుకు మల్లేశం తాండూరు రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. గొర్రెల్ని అమ్మేసి ఇంటిపట్టున ఉండమని రోజూ పోరేవాడు. తేలికైన క్యారియర్ ఒకటి దొరికితే ఇంకొన్నేళ్ళు మందతో పోవచ్చని ఆమె ఆశ.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను పుట్టింటికి వచ్చాను. నా అత్తగారి ఊరు దోమ మండలంలో. మొదటి కాన్పు వికారాబాద్ ఆస్పత్రిలో అయింది. ఆడపిల్ల. ఊపిరందక ఆ పూటే పోయింది. నాకు మత్తు వదలకముందే తీసుకుపోయి అత్తగారి ఊళ్ళో పూడ్చేశారు. చూస్తే నేను మరిచిపోలేనని పెద్దవాళ్ళు అనుకున్నారు. చెడ్డ మనసుతో చేసింది కాదు. ఆ తర్వాత మా ఆయన గానీ, మా అమ్మ గానీ ఆ మాటే ఎత్తలేదు. తినమనేవారు, పడుకోమనేవారు, అంతే. నెలలు గడిచినా నేను గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. బీరమ్మత్త ఒక్కతే వచ్చి, ఊరికే కూర్చుని ఏం చేస్తావు, తాండూరు దాకా తోడు రమ్మని లేపింది.

తాండూరులో సైకిలు షాపులన్నీ తిరిగాం. తేలికపాటి క్యారియర్లు లేకపోలేదు. గేర్ల సైకిళ్ళకు వచ్చేవి, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ధర అడిగి బీరమ్మత్త నవ్వేసింది. పైగా వాటి మీద టిఫిన్ డబ్బా పెట్టుకోవచ్చేమో గానీ గొర్రెపిల్ల పట్టదు. చివరికి నాపరాళ్ళు కోసే యూనిట్ల పక్కన ఒక పాత సామాన్ల కొట్టులో విరిగిన వాకరు కనిపించింది, ముసలివాళ్ళు పట్టుకుని నడుస్తారే, అది. అల్యూమినియం గొట్టాలు. ఆమె ఒంటిచేత్తో పైకెత్తి చూసి, ఇదే అంది. వెల్డింగ్ షాపతను ఇనుమైతే అతుకుతాను గానీ దీన్ని అతకడం నా దగ్గర కాదన్నాడు. అయితే బెజ్జాలు వేసి బోల్టులు బిగించమంది. గొట్టాలు కోయించి, వెనక చక్రం ఇరుసుకూ సీటు కింది గొట్టానికీ బిగించి, వదులైన చోటల్లా పాత ట్యూబు ముక్కలు చుట్టించింది. ఇంటికొచ్చి ఇద్దరం పైన మంచానికి అల్లినట్టు నవారు అల్లాం. పిల్లల కాళ్ళు స్పోకుల్లో పడకుండా పక్కలకు గోనెపట్టా కట్టాం. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత నాకు ఆకలేసింది.

తల్లి సంబరం చూసి మల్లేశానికీ మనసు కరిగింది. బయల్దేరే ముందురోజు, తన ఆటోకు వేయగా మిగిలిన పసుపు రంగు తెచ్చి క్యారియర్‌కు నిండుగా పూశాడు. బీరమ్మత్త మురిసిపోయింది. నేనూ మందతో కొంతదూరం పోతానంటే అమ్మ వద్దంది, వినలేదు. దారిలో ఒక గొర్రె ఈనింది. పిల్ల బక్కగా ఉంది. దాన్ని కొత్త క్యారియర్‌లో పడుకోబెట్టుకుని, గట్టు వచ్చినచోట బీరమ్మత్త సైకిలును తానే ఎత్తి అవతల పెట్టింది. ఎవరినీ పిలవలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

సాయంత్రం మంద ఆగాక పిల్లను తల్లి దగ్గర వదిలాం. గొర్రె వాసన చూసి, తలతో పొడిచి అవతలికి తోసింది. పిల్ల ఒళ్ళంతా పెయింటు వాసన. గొర్రెకు పిల్లను వాసనే పట్టిస్తుంది. తన పిల్ల కాళ్ళ దగ్గరే పడి ఉంటే అది మాత్రం వచ్చిన దారి వైపు తిరిగి అరుస్తూనే ఉంది. బీరమ్మత్త దాని మెడ మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని పాలు తాగించబోయింది. పిల్లకు చప్పరించే ఓపిక లేదు. తెల్లారేసరికి చచ్చిపోయింది.

దాన్ని దూరంగా తీసుకుపోయి పూడ్చుదామని నేను లేచాను. బీరమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. పిల్లను నీళ్ళతో కడిగి, మట్టితో రుద్ది, తల్లి పాలు పిండి దాని వీపంతా పూసి, తెచ్చి గొర్రె ముందు పెట్టింది. గొర్రె వాసన చూసి, అరవడం ఆపి, నాకడం మొదలుపెట్టింది. నేను చూడలేక, చచ్చినదాన్ని ఇప్పుడు చూపించడం ఎందుకత్తా అన్నాను.

"దానికి తెల్వాలె బిడ్డా. తెల్వకపోతే ఎన్కకు ఉరుక్కుంట ఎతుకుతనే ఉంటది. తెలిస్తే ఏడుస్తది, మల్ల మందల కలుస్తది."

కాసేపటికి ఆమే, నీ బిడ్డ ఎవరి పోలిక అని అడిగింది. అన్ని నెలల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చూడలేదన్నాను. గొర్రె తనంతట తాను లేచి మంద వైపు పోయేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. తర్వాత నాపరాయి పెంకులు పట్టుకుని ఆ పసుపు రంగంతా గీకేశాం.

ఇంటికి రాగానే మా ఆయనకు ఫోన్ చేసి, పాపను ఎక్కడ పెట్టారో చూపించమన్నాను. ఆయన మర్నాడే వచ్చి తీసుకుపోయాడు. అక్కడ నిలబడి, తానే ఎత్తుకుని తెచ్చాడనీ, ముక్కు అచ్చం నాదేననీ చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత దుఃఖం తనలోనూ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ క్యారియర్ మీద బీరమ్మత్త గొర్రెపిల్లల్ని రెండు ఎండాకాలాలు మోసింది. తర్వాత ఊపిరితిత్తుల జబ్బు చేసి వికారాబాద్‌లో ఆస్పత్రిలో చేరింది. అప్పటికే మా కాపురం ఇక్కడికి మారింది కాబట్టి అన్నం నేనే తీసుకుపోయేదాన్ని. ఆమె లోపల ఉండగానే మల్లేశం గొర్రెల్ని అమ్మేశాడు. చూసేవాళ్ళు లేరు, అతన్నీ అనలేను. ఇంటికి తెచ్చాక మాత్రం మంద కర్ణాటక అంచున ఉందనీ, వానలు పడితే వస్తుందనీ చెప్పాడు. ఇంటిల్లిపాదీ అదే మాట. ఆమె రోజూ గడపలో కూర్చుని రోడ్డు చూసేది. వానలు పడ్డాయి. పక్క ఊరి మందలు తిరిగొచ్చాయి. చూడ్డానికి పోయిన నన్ను మల్లేశం వాకిట్లోనే ఆపి, చెప్పొద్దక్కా, చెప్తే పానం పోతదని బతిమాలాడు.

లోపలికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుని, గొర్లు లేవత్తా, అమ్మిండ్రు అన్నాను. ఆమె కళ్ళు నా మొహం మీదే ఆగిపోయాయి.

"సైకిలు?"

"కొన్నాయనకే ఇచ్చిండు, క్యారియర్‌తోని."

"మంచిగ జేసిండు. పిల్లలు నడ్వయి గద."

ఆ తర్వాత గొంతెత్తి ఏడ్చింది. మల్లేశం పరుగెత్తుకొచ్చి కాళ్ళ దగ్గర కూలబడితే అతని తల నిమురుతూ ఏడ్చింది. మళ్ళీ గడపలో కూర్చోలేదు. ఆ వానాకాలం దాటకుండానే పోయింది.

నాకిప్పుడు ఒక కొడుకు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ఎంతమంది పిల్లలని అడిగితే ఇద్దరంటాను. చిన్నవాడు ఏ బడిలో చదువుతున్నాడో చెబుతాను. పెద్దదాన్ని ఎక్కడ పెట్టామో కూడా చెబుతాను.