ఇసుకలో బూటు గీత

మా సారు బంతిని చేత్తో ముట్టేవాడు కాదు. బూటు మొనతో నెట్టేవాడు.

తొంభైల్లో నేను దోహాలో ఆయన ఇంటి డ్రైవర్ని. ఆయనది ఏలూరు, నాది రాయచోటి. శుక్రవారం వస్తే దుఖాన్ రాతిగుట్టల పక్కన గోల్ఫ్ ఆడేవాడు, కర్రల సంచీ మోస్తూ వెనకాల నేను. అక్కడ గడ్డి లేదు, అంతా ఇసుకే. హద్దు లోపల పడిన బంతిని పచ్చ చాప ముక్క మీద పెట్టి కొట్టొచ్చు. రాళ్లలో పడితే మాత్రం పడినచోటి నుంచే కొట్టాలి. సారు బంతి రాళ్లలోనే పడేది. దాన్ని బూటుతో లోపలికి నెట్టి, "యల్లా, తొందరగా ఊడ్చెయ్" అని గొణిగేవాడు. ఇసుకలో పడిన గీతను నేను చీపురుతో చెరిపేవాణ్ణి.

ఒకసారి ఆయన స్నేహితుడొకడికి అనుమానం వచ్చింది. సారు తడుముకోలేదు. "మా డ్రైవరే కదిపుంటాడండీ. దొంగబుద్ధి ఎక్కడికి పోతుంది? ఒరే, ఇకమీదట నా బంతి దగ్గరికి రాకు!"

అందరూ నవ్వారు. తప్పు చేయని నేను సారీ చెప్పాను.

తర్వాతి శుక్రవారం పోటీ. బంతి మళ్లీ రాళ్లలో పడింది. మళ్లీ బూటు, మళ్లీ "యల్లా". నేను చీపురు చంకన పెట్టుకుని దూరంగా నిలబడ్డాను. స్నేహితులు వచ్చేసరికి రాళ్ల నుంచి చాపదాకా పొడుగాటి గీత, వెంట సారు బూటు అచ్చులు.

"ఊడ్చలేదేంరా?" పళ్లు కొరికాడు సారు.

"మీ బంతి కాడికి రావద్దని మీరే అంటిరి కదా సార్!" అందరికీ వినపడేలా అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నెలలోనే నన్ను ఇంటికి పంపేశాడు. విమానం ఎక్కేదాకా సారీ చెబుతానేమోనని చూశాడు. చెప్పలేదు.