మేడ మీంచి చూసిన నెలవంక

నా చిన్నప్పుడు, మేం రేపల్లెలో ఉండే రోజుల్లో, ఒక ఏడు రంజాన్ నెల చివర్లో తుఫాను మబ్బు పట్టింది. ఇరవై తొమ్మిదో ఉపవాసం ముగిసిన సాయంత్రం నెలవంక కనపడితే తెల్లారి పండుగ, లేకపోతే ఇంకో ఉపవాసం. మా మసీదులో ఆ మాట చెప్పాల్సిన పెద్ద మా తాతయ్యే.

మసీదు ముందు జనం పడమటి వైపు చూస్తూ నిలబడ్డారు. తెనాలిలోనూ, బాపట్లలోనూ కనపడలేదని ఫోన్లొచ్చాయి. సైన్సు మాస్టారైన మా నాన్న మాత్రం, "లెక్క ప్రకారం చంద్రుడు మబ్బు వెనకాలే ఉంటాడు. పండుగని చెప్పెయ్యి నాన్నా" అని పట్టుబట్టాడు.

"ఉంటే ఉండొచ్చురా. కంటికి ఆనాలి కదా" అన్నాడు తాతయ్య.

గొంతులు పెరిగాయి. అంతలో ఎవరో ఆడపిల్ల మేడ మీంచి చూసిందని కబురొచ్చింది. "ఇంకేంటండీ ఆలస్యం, మైకులో చెప్పండి!" అంటూ అందరూ తాతయ్యని చుట్టుముట్టారు.

ఏ ఇల్లో కబురు తెచ్చినవాణ్ణి చెవిలో అడిగి, ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి నడిచాడు. చూసింది మా పక్కింటి అక్క. మేడ మీద ఒక్కతే నిలబడి ఉంది.

"కొమ్ములు ఎటున్నాయి తల్లీ?"

"కిందికి, తాతయ్యా."

సాయంత్రపు నెలవంక కొమ్ములు పైకే ఉంటాయి. తాతయ్య ఆ మాట అనలేదు. ఊరికే ఆమె వైపు చూశాడు. అక్క ఏడ్చేసింది. వాళ్ళమ్మకి షుగరు. డాక్టరు వద్దన్నా మొండిగా ఉపవాసాలుంటోంది. ఆ పొద్దున కళ్ళు తిరిగి పడిపోయిందట.

"రేపు కూడా ఉంటే మా అమ్మ నాకు దక్కదు. కనపడాలి, కనపడాలి అనుకుంటూ చూశాను. కనపడిందనే అనిపించింది" అంది.

వీధిలోంచి కేకలు వినపడుతున్నాయి. తాతయ్య నిదానంగా మెట్లు దిగి వాళ్ళమ్మ దగ్గర కూర్చున్నాడు.

"జబ్బుగా ఉన్నవాళ్ళకి మినహాయింపు ఆ దేవుడే ఇచ్చాడమ్మా. వద్దనడానికి నువ్వెవరు? రేపు నువ్వు తిను. బదులుగా ఒక పేదవాడికి అన్నం పెట్టు."

ఆవిడ తలూపింది.

అప్పుడు వెళ్ళి మైకులో చెప్పాడు, నెలవంక కనపడలేదు, రేపు ఉపవాసం అని. మరి చూసిందెవరని నాన్నతో సహా అందరూ నిలదీశారు. "పొరపాటు పడ్డారు. ఈ మబ్బులో నేనైనా పడేవాణ్ణే" అన్నాడంతే. పేరు చెప్పలేదు. మాటలు ఆయనే పడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ అన్నం తింటుంటే, ఉపవాసంలో ఉన్న అక్క పక్కనే కూర్చుని ముద్దముద్దకీ చూసుకుంటోంది.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. ఎవరైనా నా దగ్గర నిజం కానిది చెబుతున్నారని తెలిసినప్పుడు, కోప్పడబోయి ఆగుతాను. పక్కకి తీసుకెళ్ళి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడుగుతాను.