బ్యాటరీకి పెట్టిన బొట్టు

హోసూరులో నేను ఒంటరిగా అద్దెకుంటున్న గది, కంపెనీ కూలీల వరుస ఇళ్లలో చివరిది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మూడేళ్ల క్రితం బ్యాటరీ వీల్‌చైర్ వచ్చాక పనికీ సంతకీ నేనే వెళ్లి రావడం మొదలుపెట్టాను. దాన్ని అమర్చిన మెకానిక్ జాగ్రత్తలు చాలా చెప్పాడు. తడి తగలనివ్వొద్దు, బ్యాటరీ మీద ఏ సామానూ పెట్టొద్దు. స్విచ్ వేసి ఉండగా జాయ్‌స్టిక్ దగ్గర సెల్‌ఫోన్‌లో మాట్లాడొద్దు, ఆ తరంగాలకు బండి తనంతట తానే కదలొచ్చు. అందుకని ఫోన్ మోగితే పక్కకు ఆపి, స్విచ్ తీసేసి మాట్లాడతాను. ఈ నియమం నాకేమీ కష్టం కాలేదు. నాకు ఫోన్ చేసేవాళ్లు ఎవరున్నారు గనక!

ఉన్నదల్లా పక్కింటి అక్క. వేప్పనపల్లి దగ్గర పల్లె ఆమెది. కొడుకు షిఫ్టుకు పోతే ఆమెకూ ఇంట్లో తోచదు. రోజూ సాయంత్రం నా బండి పక్కనే నడుస్తూ టీ కొట్టు దాకా వచ్చేది. దారి పొడుగునా చుట్టాల మీద చాడీలు చెప్పి నవ్వించేది. ఆ గంట కోసమే నేను పొద్దంతా గడిపేదాన్ని.

పోయిన ఆయుధపూజ నాడు పొద్దున్నే వచ్చి, "నీ బండికి పూజ నేను చేస్తానమ్మా, నువ్వు మంచం మీద కూర్చో," అంది. నీళ్లు మాత్రం పోయొద్దన్నాను. పోయలేదు. గుడ్డతో తుడిచి చేమంతి దండ వేసింది. వాళ్ల ఊళ్లో ట్రాక్టరుకు బానెట్ ఎత్తి ఇంజనుకే బొట్టు పెడతారు. పైరేకుకు పెడితే అది పూజ కిందికి రాదు. అలాగే ఆమె నా సీటు కింద బ్యాటరీ పెట్టె మూత తీసింది. బొట్టు పెట్టడానికి వంగుతూ, చేతిలోని ఇత్తడి పళ్లెం బ్యాటరీ మీదే పెట్టింది.

పళ్లెం రెండు కొనలకూ ఒకేసారి తగిలి టప్పున నిప్పులు లేచాయి. అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా కాళ్లు తీసేసినావు గదక్కా! ఆ మూత ఎవరు తియ్యమన్నారు నిన్ను?" అని అరిచాను. వాకిట్లో నలుగురూ వింటుండగా ఇంకా చాలా అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు జారడానికి ఉన్నది నోరొక్కటే.

"తెలీక చేసినానమ్మా," అని పళ్లెం తీసుకుని ఆమె వెళ్లిపోయింది.

ఐదో రోజు మెకానిక్ వచ్చి, జరిగిందంతా విని, ఫ్యూజు, కాలిన తీగ మార్చాడు. "బ్యాటరీ కొనలకు రబ్బరు తొడుగులు ఉండింటే ఏమీ అయ్యేది కాదు. అవి యాడ పోయినాయి?" అన్నాడు. అవి చినిగి ఊడిపోయి రెండు నెలలైంది. చూసి కూడా బద్ధకించింది నేనే. అంతలో ఆయన, "ఆయమ్మ చెయ్యి ఎట్లుంది?" అని అడిగాడు.

నాకు తెలియదు. ఐదు రోజులూ బండి కోసం ఏడ్చాను గాని, గోడకవతల ఉన్న మనిషి చెయ్యి ఎలా ఉందో కనుక్కోలేదు. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ సాయంత్రమే ఆమె ఇంటి ముందు బండి ఆపి పిలిచాను. రెండు మెట్ల పైన, గుమ్మంలో నిలబడింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

"తప్పు నాదేనక్కా. తొడుగులు ఊడిపోయినాయని నీకు చెప్పలేదు," అన్నాను.

"బండి బాగైందా తల్లీ?"

"అయింది. చెయ్యి చూపించక్కా."

"ఏమీ లేదులే. నువ్వు పదిలంగా పోయి రా. నేను పక్కన వస్తే మళ్లా ఏమన్నా అయితాది." ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది.

పైకి వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. కానీ నా బండి ఒక్క మెట్టు కూడా ఎక్కదు. చాలాసేపు కిందే ఉన్నాను. ఆమె దిగి రాలేదు.