లెక్క కంటే ఎక్కువ వచ్చిన కొలత

1996 ఏప్రిల్‌లో చిక్కడపల్లిలోని ఒక చిన్న కంపెనీలో సీనియర్ ఇంజనీరుగా చేరాను. కొలతల విభాగం నాది. ఆ విభాగంలో నేను తప్ప ఎవరూ లేరు. ప్రభుత్వ ప్రయోగశాల ఉద్యోగం వదులుకొని వచ్చిన ప్రభాకర్ గారు రెండేళ్ల ముందు ఆ కంపెనీ మొదలుపెట్టారు. ఒక ఇంటి రెండో అంతస్తు మా ఆఫీసు, దాని మీది డాబా మా పరీక్షాస్థలం.

మేము తయారుచేస్తున్నది ఉపగ్రహ సంకేతాలను అందుకునే పలక యాంటెన్నా. తీరప్రాంతపు ఊళ్లలో తుపాను హెచ్చరికల కోసం అప్పట్లో గొడుగులాంటి డిష్‌లు పెట్టేవారు. పెద్ద గాలి వస్తే ముందు అవే పక్కకు తిరిగిపోయేవి. అసలు అవసరమైన వేళకు హెచ్చరిక అందేది కాదు. మా పలక చదునుగా ఉంటుంది, బోల్టులతో బిగించవచ్చు, గాలికి పెద్దగా అడ్డుపడదు. కొలతలు సరిపోతే ఆర్డరు ఇస్తామని సంబంధిత ప్రభుత్వ విభాగం చెప్పింది. ఆరుగురు ఉద్యోగుల భవిష్యత్తు దాని మీదే ఉంది.

యాంటెన్నా సామర్థ్యాన్ని గెయిన్ అంటాం, డెసిబెల్‌లలో చెబుతాం. దూరంగా ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టి, ముందు గెయిన్ తెలిసిన హార్న్ యాంటెన్నాతోనూ, తరువాత మన యాంటెన్నాతోనూ సంకేతాన్ని అందుకొని తేడా చూస్తాం. హార్న్ మాకు తూకంరాయి వంటిది. ట్రాన్స్‌మిటర్‌ను అశోక్‌నగర్‌లో ప్రభాకర్ గారి బావమరిది డాబా మీద పెట్టాం.

ప్రభుత్వ విభాగం అడిగింది ఇరవై డెసిబెల్‌లు. నా లెక్క ప్రకారం పంతొమ్మిది దాటకూడదు. డాబా మీద మూడు రోజులు వరుసగా ఇరవై ఒకటి వచ్చింది. ఆఫీసులో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను. లెక్క కుదరడం లేదని మాత్రం ప్రభాకర్ గారితో అన్నాను. ఆయన నవ్వారు. "ఏందమ్మా, ఎక్కువొస్తే కూడా పరేషానేనా? తక్కువొచ్చిననాడు అడుగు."

విభాగం ఇంజనీర్లు సోమవారం వస్తారనగా, గురువారం మరోసారి కొలిచాను. పద్దెనిమిదిన్నర వచ్చింది. కేబుళ్లు మార్చి చూసినా అంతే. పలక రీడింగు మునుపటిలాగే ఉంది. హార్న్ రీడింగు పెరిగింది. అశోక్‌నగర్ వైపు, మా డాబాకు కాస్త దిగువన, పక్కింటి యాదమ్మ అద్దెకిచ్చే రేకుల గదులున్నాయి. ఆ రోజు ఆమె ఉతికిన బొంతలను ఆ రేకుల మీద పరిచింది.

"యాదమ్మక్కా, బొంతలు ఒక్క పది నిమిషాలు తీస్తరా?" అని అడిగాను.

"మీ మిషన్‌కు నా బొంతలతోని ఏం పని మేడం?" అంటూనే తీసింది. హార్న్ రీడింగు పడిపోయింది. మళ్లీ పరవమన్నాను. పెరిగింది.

హార్న్ చూపు వెడల్పు. ఎదురుగా వచ్చే తరంగంతో పాటు రేకుల మీద పడి వచ్చే తరంగాన్నీ అది అందుకుంటోంది. రెండోది మొదటిదాన్ని కొంత చెరిపేస్తోంది. పలక చూపు ఇరుకు, దానికి ఆ ఇబ్బంది లేదు. తడి బొంతలు రేకుల నుంచి వచ్చేదాన్ని మింగేశాయి. ఇన్నాళ్లూ మా పలక ఎక్కువ చూపలేదు, మా తూకంరాయే తక్కువ చూపింది.

ప్రభాకర్ గారిని డాబా మీదికి పిలిచి చూపించాను. ఆయన వంగి రేకుల వైపు చూశారు. చివరికి, "సోమవారం నాడు బొంతలుండయి గద" అన్నారు, నా వైపు చూడకుండా.

నాకు ఆయన మీద కోపం రాలేదు. నాకూ అప్పటికే అదే ఆలోచన వచ్చింది. కానీ నివేదికలో కొలిచినవారి సంతకం నాది. "ఈ రేకులు ఆ ఊళ్లకు రావు గద సార్" అన్నాను.

మర్నాడు పొద్దున ఆయనే విభాగానికి ఫోన్ చేసి, మా కొలత తప్పని, మూడు నెలల గడువు కావాలని చెప్పారు. గడువు ఇచ్చారు కానీ, తుపానుల కాలం అంతవరకు ఆగదు కనుక ఆ ఏడాది ఆర్డరు డిష్‌లు చేసే మరో సంస్థకు వెళ్లింది. మాలో ఇద్దరు ఉద్యోగం మానేశారు. మేము పలక మీది చిన్న యాంటెన్నాల వరుసలు పెంచి, ఊరి బయట చెట్టూ గోడా లేని మైదానంలో కొలిచాం. ఇరవైన్నర వచ్చింది, లెక్కా అంతే చెప్పింది. మరుసటి ఏడు విభాగం పన్నెండు పలకలు తీసుకొని తీరంలో బిగించింది. కంపెనీ పెద్దదేమీ కాలేదు. రెండేళ్లకు ఒక పెద్ద సంస్థలో కలిసిపోయింది.

కొలత తక్కువ వస్తే ఏ ఇంజనీరైనా పరికరాలన్నీ విప్పి చూస్తాడు. ఎక్కువ వచ్చినప్పుడు ఆ పని ఎవరూ చేయరు. ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, లెక్కను మించిన ఏ కొలతనూ రెండో చోట కొలవకుండా సంతకం పెట్టలేదు.